ఫైర్‌ఫాక్స్ విషయంలో తప్పు ఇంజనీర్లదా, యాజమాన్యానిదా?

లైనక్స్_మాస్టారు
మా డిగ్రీ కళాశాల ల్యాబ్‌లో మొదటి నుంచీ ఫైర్‌ఫాక్సే వాడుతున్నాం. ఇప్పుడు సిస్టమ్‌లన్నింటినీ మళ్లీ ఇన్‌స్టాల్ చేయాల్సి వచ్చింది. ఈసారి క్రోమ్ పెట్టేద్దామని విభాగంలో మిగతావారు అంటున్నారు. వద్దనడానికి కారణం చెప్పమంటే నా దగ్గర గట్టి సమాధానం లేదు. ఒక ఉదాహరణ చూడండి. ట్యాబులను గుంపులుగా సర్దుకునే సౌకర్యం 2011లో ఫైర్‌ఫాక్స్ 4తో వచ్చింది. వాడేవారు మరీ తక్కువని 2016లో 45వ వెర్షన్ నుంచి తీసేశారు. 2020లో క్రోమ్ అదే సౌకర్యాన్ని తెచ్చుకుంది. 2025 ఏప్రిల్‌లో ఫైర్‌ఫాక్స్ 138తో దాన్ని తిరిగి తెచ్చి, వినియోగదారులు అన్నిటికన్నా ఎక్కువగా అడిగింది ఇదేనని ఫైర్‌ఫాక్స్‌ను తయారు చేసే మొజిల్లా వారే చెప్పుకున్నారు. కోడ్ నలుగురికీ తెరిచి ఉన్న బ్రౌజర్‌లో ఇలాంటి నిర్ణయాలు ఎవరు, దేన్ని చూసి తీసుకుంటారు? ఫైర్‌ఫాక్స్ ఇంతగా తగ్గిపోవడానికి యాజమాన్యమే కారణమా, లేక గూగుల్ ఎదురుగా ఎవరున్నా గతి ఇంతేనా?

నాలుగో_ట్యాబు
మీ ప్రశ్నలను కూడా ఒక గుంపుగా కట్టి దాచి ఉంచండి మాస్టారూ, తొమ్మిదేళ్ల తరువాత ఎవరో ఒకరు తెరిచి జవాబు చెబుతారు.

పాతకాపు
ఎవరు తీసుకుంటారన్న ప్రశ్నకు జవాబు సులభమే. కోడ్‌ను ఎవరైనా చూడవచ్చు, తీసుకుని మార్చుకోవచ్చు. కానీ ఏ పనికి ఎందరు ఇంజనీర్లను కేటాయించాలన్నది జీతాలిచ్చేవారి చేతిలో ఉంటుంది. 1998 మార్చి 31న నెట్‌స్కేప్ కంపెనీ తన బ్రౌజర్ కోడ్‌ను బయటపెట్టింది. 2003 జులైలో, నెట్‌స్కేప్‌ను కొన్న ఏఓఎల్ ఆ పని నుంచి తప్పుకుంటూ 20 లక్షల డాలర్లు ఇస్తే మొజిల్లా ఫౌండేషన్ ఏర్పడింది. 2005 ఆగస్టులో ఆ ఫౌండేషన్ తన కిందే మొజిల్లా కార్పొరేషన్ అనే, పన్ను కట్టే కంపెనీని పెట్టింది. ఫైర్‌ఫాక్స్‌ను తయారు చేసేది ఈ కంపెనీయే. యజమాని ఫౌండేషన్ కనుక లాభం అడిగే వాటాదారులు లేరు. అయితే వాడేవారికీ, ఊరికే కోడ్ రాసిచ్చేవారికీ కూడా అందులో ఓటు లేదు.

ట్యాబుల గుంపుల సంగతి చిన్నది. అంతకన్నా చాలా ఖరీదైన నిర్ణయం 2011 చివర్లో జరిగింది. క్రోమ్ 2008 సెప్టెంబరులో వచ్చినప్పుడే పేజీలను విడివిడి ప్రాసెస్‌లలో నడిపే పద్ధతితో వచ్చింది. ఒక పేజీ కూలిపోయినా మిగిలినవి నిలబడేవి. ఫైర్‌ఫాక్స్ వారు అదే పనిని 2009లో ఎలక్ట్రాలిసిస్ అనే పేరుతో మొదలుపెట్టి, 2011లో పక్కన పెట్టి, 2013లో మళ్లీ చేతిలోకి తీసుకున్నారు. సాధారణ వినియోగదారులకు అది అందే సరికి 2016 ఆగస్టు వచ్చింది, వెర్షన్ 48కి చేరింది.

పక్కన పెట్టడానికి కారణం చేతకానితనం కాదు. అప్పటి ఎక్స్‌టెన్షన్లు, అంటే బ్రౌజర్‌కు అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు, బ్రౌజర్ లోపలి భాగాలన్నింటినీ నేరుగా తాకగలిగేవి. పేజీలో ఒక బొమ్మను దాచాలంటే ఎక్స్‌టెన్షన్ ఆ పేజీ తాలూకు ఆబ్జెక్టును తిన్నగా అందుకుని మార్చేసేది. పేజీని వేరే ప్రాసెస్‌లోకి పంపితే ఆ ఆబ్జెక్టు ఇటువైపు ఉండదు. ప్రతి చిన్న మార్పుకూ అటువైపు సందేశం పంపి జవాబు కోసం ఆగాలి. అంటే వేలాది ఎక్స్‌టెన్షన్లు ఒక్కసారిగా పనిచేయకుండా పోతాయి, లేదా నత్తనడక నడుస్తాయి. ఎక్స్‌టెన్షన్లే ఫైర్‌ఫాక్స్ బలం కనుక వాటిని నిలుపుకోవాలని వేగాన్ని వాయిదా వేశారు. తీరా 2017 నవంబరు 14న 57వ వెర్షన్‌తో ఆ పాత ఎక్స్‌టెన్షన్లన్నింటినీ ఆపేయక తప్పలేదు. ఆ మధ్యకాలంలో వేగం కోరుకున్నవారు క్రోమ్‌కు వెళ్లిపోయారు, ఆ తరువాత ఎక్స్‌టెన్షన్ల కోసం ఉన్నవారు అలిగారు. రెంటికీ చెడ్డ రేవడి అయింది.

రుద్రాక్షవనం
రేవడి అనడం అన్యాయం. 57వ వెర్షన్‌లో వచ్చిన స్టైలో ఇంజన్ రస్ట్ భాషలో రాసినది, ఆ రస్ట్ భాష పెరిగినదే మొజిల్లాలో. పేజీ అలంకరణ లెక్కలను ప్రాసెసర్ కోర్లన్నింటికీ పంచి ఒకేసారి చేయించిన పని అది. ఇంత చేసిన సంస్థను యాజమాన్యం పాడుచేసిందని తేల్చేయడం తొందరపాటు.

అసలు సంగతి వేరే ఉంది. గూగుల్ తన హోం పేజీలోనే క్రోమ్ ప్రకటన పెట్టింది. ఇతర సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాలర్లలో టిక్కు పెట్టి మరీ క్రోమ్‌ను దింపింది. ఆండ్రాయిడ్ ఫోన్లలో పెట్టెలో నుంచి తీసేసరికే క్రోమ్ ఉంటుంది. మన దేశంలో 2022 అక్టోబరులో కాంపిటీషన్ కమిషన్ ఆండ్రాయిడ్ వ్యవహారంలో గూగుల్‌పై 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది, ఆ జరిమానాను 2023 మార్చిలో అప్పీలు ట్రిబ్యునల్ కూడా సమర్థించింది. ఆపరేటింగ్ సిస్టమ్, సెర్చ్, వీడియో, మెయిల్ అన్నీ ఒకరి చేతిలోనే ఉన్నప్పుడు అవతల ఎంతటి మేధావిని సీఈఓగా కూర్చోబెట్టినా ఏం చేయగలరు?

సెల్‌పాయింట్_శీను
ఫోన్ల సంగతి వచ్చింది కనుక చెబుతున్నాను. ఆపరేటింగ్ సిస్టమ్ చేతిలో లేకపోవడమే లోటని మొజిల్లా వారికీ తెలుసు. అందుకే ఫైర్‌ఫాక్స్ ఓఎస్ తెచ్చారు. 2014 ఆగస్టులో రెండు భారతీయ కంపెనీలు ఆ ఫోన్లను విడుదల చేశాయి, ఒకదాని ధర 1,999 రూపాయలు, మరొకదానిది 2,299. ర్యామ్ 128 ఎంబీ. అప్పట్లో నేను మా బాబాయి దుకాణంలో కూర్చునేవాడిని. ధర చూసి చేతిలోకి తీసుకున్న ప్రతి ఒక్కరూ అడిగిన మొదటి ప్రశ్న, వాట్సాప్ వస్తుందా అని. అధికారిక వాట్సాప్ లేదు. ఫోన్ మళ్లీ అద్దాల అరలోకి వెళ్లిపోయేది.

2015 డిసెంబరులో ఆ ఫోన్ల అమ్మకం ఆపేస్తున్నట్టు మొజిల్లా ప్రకటించింది. ఆ కోడ్‌నే తీసుకుని వేరే కంపెనీ కాయ్ ఓఎస్ చేసింది. 2017లో వచ్చిన జియోఫోన్‌లో నడిచింది అదే. 2018 సెప్టెంబరులో దానికి వాట్సాప్ కూడా వచ్చింది. ఆ ఫోన్లు మా ఊళ్లో ఎన్ని అమ్ముడయ్యాయో వేరే చెప్పాలా? రెండేళ్లు ముందు చేతులెత్తేసిన పని మరొకరి చేతిలో కోట్లలో అమ్ముడైంది. దీన్ని యాజమాన్య నిర్ణయం అనక ఇంకేమనాలి, రుద్రాక్షవనం గారు?

రుద్రాక్షవనం
జియోఫోన్ వెనుక జియో నెట్‌వర్క్ ఉంది, 1,500 రూపాయల డిపాజిట్ పథకం ఉంది శీను గారు. ఆ బలం మొజిల్లాకు ఏ కాలంలోనూ లేదు. మీ ఉదాహరణ నా వాదనకే పనికొస్తుంది.

గోదావరి_గట్టు
మీ ఇద్దరి మాటా కొంతవరకు సరే. నాకు మాత్రం ఫైర్‌ఫాక్స్ ఓఎస్ గురించిన బాధ వేరు. ఆ రెండు మూడేళ్లూ ఫోన్ మీద పెట్టిన మనుషులను డెస్క్‌టాప్ బ్రౌజర్ మీద ఉంచి ఉంటే, పాతకాపు గారు చెప్పిన ఎలక్ట్రాలిసిస్ 2016 దాకా సాగేదా? ఒక నిర్ణయం తీసుకున్నప్పుడు ఏది చేశారన్నదే అందరికీ కనిపిస్తుంది, ఏది ఆగిపోయిందన్నది కనిపించదు.

మాస్టారు అడిగిన మరో ప్రశ్న, దేన్ని చూసి నిర్ణయిస్తారన్నది. చాలావరకు టెలిమెట్రీని చూసి. ఎంతమంది ఏ బటన్ నొక్కారో బ్రౌజర్ లెక్క పంపుతుంది. చిక్కు ఏమిటంటే, ఫైర్‌ఫాక్స్‌ను పట్టుదలగా వాడేవారిలో చాలామంది ఇన్‌స్టాల్ చేయగానే చేసే మొదటి పని ఆ లెక్క పంపడాన్ని ఆపేయడం. లోతైన సౌకర్యాలు వాడేదీ వీరే. కాబట్టి లెక్కల్లో ఆ సౌకర్యాలు ఎవరికీ అక్కరలేనివిగా కనిపిస్తాయి, తీసేస్తారు, తీసేశాక వీరే అందరికన్నా గట్టిగా అరుస్తారు. వెబ్‌సైట్‌ను విడి అప్లికేషన్‌లా తెరిచే సౌకర్యం కూడా ఇలాగే పోయింది. అది ప్రయోగదశలో ఉండగానే 2021 ఆరంభంలో తీసేశారు, 2025 సెప్టెంబరులో 143వ వెర్షన్‌తో విండోస్‌కు మరో రూపంలో తెచ్చారు.

లైనక్స్_మాస్టారు
టెలిమెట్రీని మా ల్యాబ్‌లో కూడా ఆపే ఉంచాను. అంటే మేం లెక్కలో లేనట్టేనా?

గోదావరి_గట్టు
లేనట్టే మాస్టారూ. ఆపడం మీ హక్కే, కానీ మీ విద్యార్థులు ఏం వాడుతున్నారో అక్కడెవరికీ తెలియదు.

నాలుగో_ట్యాబు
మన ఊరి ఓటర్ల జాబితా గుర్తుకొచ్చింది. ఇక నేనేమీ మాట్లాడను.

లెక్కలమ్మ
అందరూ నిర్ణయాల గురించి మాట్లాడుతున్నారు, డబ్బు ఎక్కడిదో ఎవరూ అనలేదు. ఆడిట్ చేసేదాన్ని కనుక వాళ్ల వార్షిక లెక్కలు చదవడం నాకు అలవాటు. 2023లో మొజిల్లా మొత్తం ఆదాయం సుమారు 65.3 కోట్ల డాలర్లు. అందులో దాదాపు 49.5 కోట్లు రాయల్టీలు, అంటే ప్రధానంగా తమ సెర్చ్‌ను బ్రౌజర్‌లో డీఫాల్ట్‌గా ఉంచినందుకు సెర్చ్ కంపెనీలు ఇచ్చే సొమ్ము. 2025 మేలో గూగుల్‌పై నడిచిన గుత్తాధిపత్య కేసులో మొజిల్లా ఆర్థిక అధికారి సాక్ష్యం చెబుతూ, కంపెనీ ఆదాయంలో 90 శాతం ఫైర్‌ఫాక్స్ నుంచీ, అందులోనూ 85 శాతం గూగుల్ నుంచీ వస్తాయని వివరించారు. పోటీదారు ఇచ్చే డబ్బుతో ఆ పోటీదారుకే ఎదురు నిలబడాలి. ఈ లెక్క ముందు పెట్టుకుని చూస్తే వీపీఎన్ అమ్మడం, వ్యాసాలు తరువాత చదవడానికి దాచుకునే పాకెట్‌ను కొనడం, ప్రకటనల సంస్థను కొనడం, ఇవన్నీ వేరే ఆదాయం కోసం తడుములాట అని అర్థమవుతుంది. పాకెట్‌ను 2017లో కొన్నారు, 2025 జులైలో మూసేశారు. 2023లో కొన్న, నకిలీ సమీక్షలను గుర్తించే ఫేక్‌స్పాట్‌నూ అదే నెలలో మూసేశారు.

అయితే యాజమాన్యం మెచ్చుకోదగ్గ పని చేసిన సందర్భం కూడా ఒకటుంది. 2014 నవంబరులో అమెరికాలో గూగుల్‌ను వదిలి యాహూతో అయిదేళ్ల ఒప్పందం చేసుకున్నారు. యాహూ వేరే వారి చేతిలోకి వెళ్లి, ఆ కొత్త యజమాని మొజిల్లాకు నచ్చకపోతే, మొజిల్లా ఒప్పందం నుంచి తప్పుకోవచ్చు, అయినా 2019 వరకు ఏటా 37.5 కోట్ల డాలర్లు అందాలి అన్న షరతు అందులో ఉందని 2016లో పత్రికలు బయటపెట్టాయి. 2017లో వెరైజన్ యాహూను కొన్నది. అదే ఏడాది నవంబరులో మొజిల్లా తప్పుకుని తిరిగి గూగుల్ దగ్గరకు వెళ్లింది, రెండు వైపులా కోర్టు కేసులు నడిచాయి, చివరికి రాజీ కుదిరింది. 2019 లెక్కల్లో 82.8 కోట్ల డాలర్ల ఆదాయం కనిపిస్తుంది, అందులో 33.8 కోట్లు ఆ రాజీ సొమ్మే. ఆ షరతు రాసిన వకీలు ఎవరో గానీ నేను కనబడితే దండం పెడతాను.

పాతకాపు
లెక్కలమ్మ గారు, ఆ మాటను మరుసటి ఏడాదితో కలిపి చదవండి. 82.8 కోట్లు వచ్చిన ఏడాది తరువాత 2020 జనవరిలో 70 మందిని, ఆగస్టులో 250 మందిని తొలగించారు. కరోనా వల్ల ఆదాయం తగ్గుతుందని కారణం చెప్పారు. పోయినవారిలో సర్వో బృందం ఉంది, అంటే పైన రుద్రాక్షవనం గారు పొగిడిన స్టైలో ఎక్కడి నుంచి వచ్చిందో ఆ బృందమే. సర్వో 2012 నుంచి రస్ట్‌లో కొత్తగా రాస్తున్న ఇంజన్. అందులో పండినవి ఫైర్‌ఫాక్స్‌లోకి వచ్చాయి. వెబ్ డెవలపర్లు రోజూ చదివే ఎండీఎన్ పత్రాలు రాసే బృందంలో కూడా భారీ కోత పడింది. సర్వోను ఆ నవంబరులో లైనక్స్ ఫౌండేషన్‌కు అప్పగించారు, 2023 నుంచి ఇగాలియా అనే సంస్థ ఇంజనీర్లు దాన్ని ముందుకు నడుపుతున్నారు. ఇంజన్ మీద పరిశోధన చేసేవారిని పంపించి, దాని చుట్టూ సేవలు అమ్మేవారిని ఉంచుకోవడం బ్రౌజర్ కంపెనీ చేయదగిన పనేనా?

వేకువజాము
సీఈఓ జీతం సంగతి ఎవరూ ఎత్తలేదేమిటి? 2020లో సీఈఓ అయిన మిచెల్ బేకర్ గారికి, అంతకుముందు చైర్‌పర్సన్‌గా ఉన్న 2018లో సుమారు 25 లక్షల డాలర్లు అందితే, 2022కి అది 69 లక్షలు దాటింది. ఆ నాలుగేళ్లలో ఫైర్‌ఫాక్స్ వాటా పెరిగిందని ఎవరైనా చెప్పగలరా?

లెక్కలమ్మ
వాటా తగ్గిన మాట నిజం. కానీ 2022 ఆదాయం 59.3 కోట్లు. 69 లక్షలు అందులో ఒక శాతం పైచిలుకు. ఆ జీతం మొత్తం మిగిల్చినా ఇంజనీర్ల లెక్కలో కొద్దిమందికే సరిపోతుంది. జీతం వల్ల బ్రౌజర్ చెడిందనడం లెక్కకు నిలవదు.

వేకువజాము
ఇది భాగహారంతో తేలే విషయం కాదు లెక్కలమ్మ గారు. 250 మందిని ఇంటికి పంపిన చోట పైవారి జీతం పెరుగుతూ ఉంటే, కూలీ లేకుండా పనిచేసే స్వచ్ఛంద కార్యకర్తకు ఏమనిపిస్తుంది? నేను కొన్నాళ్లు మొజిల్లా అనువాద వేదిక పాంటూన్‌లో తెలుగు పదబంధాలు అనువదించాను, కనుక ఆ వైపు నుంచి మాట్లాడుతున్నాను. ఒక సౌకర్యం పెట్టినప్పుడల్లా ప్రపంచంలోని ప్రతి భాష బృందమూ దాని మెనూలు, హెచ్చరికలు, సహాయ వాక్యాలు అన్నీ తమ భాషలో రాసిపెడుతుంది. సౌకర్యం తీసేసిన రోజున ఆ వాక్యాలూ పోతాయి. ఆ పని చేసినవారిని ఎవరూ సంప్రదించరు. 2025 నవంబరులో జపనీస్ సహాయ పత్రాల బృందానికి నాయకత్వం వహిస్తున్న వ్యక్తి, రెండు దశాబ్దాలకు పైగా పనిచేసి, తప్పుకుంటున్నట్టు ప్రకటించారు. మనుషులు రాసిన వ్యాసాల మీద యంత్రానువాద బాట్ తన అనువాదాన్ని రాసేస్తున్నదని ఆయన ఫిర్యాదు. ఖర్చు తగ్గించే నిర్ణయంగా కార్యాలయంలో అది చిన్నదే అయి ఉండవచ్చు, కానీ అటువంటి మనుషులను మళ్లీ ఏ ప్రకటన ఇచ్చి సంపాదిస్తారు?

లైనక్స్_మాస్టారు
ఫౌండేషన్‌కు మనం విరాళం ఇస్తే అది ఫైర్‌ఫాక్స్ ఇంజనీర్లకు చేరుతుందా?

లెక్కలమ్మ
చేరదు. విరాళాలు ఫౌండేషన్ చేసే ప్రచార, అవగాహన కార్యక్రమాలకు వెళ్తాయి. బ్రౌజర్ ఖర్చు కార్పొరేషన్ ఆదాయంతో నడుస్తుంది. ఫైర్‌ఫాక్స్ అభివృద్ధికే నేరుగా డబ్బిచ్చే ఏర్పాటు లేదు. చాలామందికి ఈ సంగతి తెలియదు, వారిని తప్పుపట్టలేం.

పాతకాపు
ఇక్కడే మొజిల్లా వారి మెయిల్ సాఫ్ట్‌వేర్ థండర్‌బర్డ్‌ను చూడాలి. 2012 జులైలో దాని మీద ఇక కొత్త పని పెద్దగా ఉండదని మొజిల్లా చెప్పేసింది. కొన్నాళ్లు అనాథలా ఉండి, 2020 జనవరిలో ఎంజడ్‌ఎల్‌ఏ టెక్నాలజీస్ అనే విడి అనుబంధ కంపెనీలోకి మారింది. వాడేవారినే నేరుగా విరాళం అడిగింది. 2022లో ఒక్క విరాళాల మీదే 64 లక్షల డాలర్లు వచ్చాయి. అదే ఏడాది ఆండ్రాయిడ్‌లోని కే-9 మెయిల్‌ను కలుపుకుంది. పట్టించుకోకుండా వదిలేసిన బిడ్డ సొంత కాళ్ల మీద నిలబడ్డాడు. ఫైర్‌ఫాక్స్‌కూ ఇలాంటి దారి ఎందుకు తెరవరు?

గోదావరి_గట్టు
పాతకాపు గారు, థండర్‌బర్డ్ నడిచేది, ఫైర్‌ఫాక్స్‌లో పేజీలను తెరపై చూపించే గెకో ఇంజన్ మీద. ఆ గెకోను సరిచేస్తూ, భద్రతా లోపాలు పూడ్చుతూ ఉండేది ఫైర్‌ఫాక్స్ ఇంజనీర్లు, వారి జీతం గూగుల్ సొమ్ములో నుంచి వస్తుంది. 64 లక్షలతో మెయిల్ క్లయింట్ నడుస్తుంది, బ్రౌజర్ ఇంజన్ నడవదు. ఫైర్‌ఫాక్స్ కోడ్‌ను తీసుకుని విడిగా చేసిన లిబ్రెవుల్ఫ్, వాటర్‌ఫాక్స్, జెన్ వంటి ఫోర్కుల పరిస్థితీ అదే. యాజమాన్యం నచ్చక ఫోర్కుకు మారినవారు కూడా ఆ యాజమాన్యం జీతమిచ్చే ఇంజనీర్ల ప్యాచ్‌ల కోసమే ఎదురుచూస్తుంటారు. మైక్రోసాఫ్ట్ అంతటి సంస్థే 2018 డిసెంబరులో సొంత ఇంజన్ వదిలి, క్రోమ్‌కు మూలమైన క్రోమియంకు మారుతున్నానని చెప్పింది. ఆపెరా 2013లోనే మారింది.

ఇంజన్ అంటే ఎంత చాకిరీయో ఒక చిన్న చోట చూడవచ్చు. అడ్రసు పెట్టెలో ఎబౌట్:కంపాట్ అని కొట్టండి. ఫైర్‌ఫాక్స్‌లో సరిగ్గా తెరుచుకోని వెబ్‌సైట్ల జాబితా, ఒక్కొక్క సైటుకు మొజిల్లా వారు విడిగా రాసిపెట్టిన దిద్దుబాటు, పక్కనే దాన్ని ఆపే బటన్ కనిపిస్తాయి. సైటు రాసినవారు క్రోమ్‌లో మాత్రమే పరీక్షించి వదిలేసిన తప్పును ఇక్కడ ఎవరో కూర్చుని సరిచేస్తున్నారు. మొన్న మా నాన్నగారి కోసం ఒక ప్రభుత్వ సేవల పోర్టల్ తెరిస్తే, దయచేసి క్రోమ్ వాడండి అన్న ఒక్క వాక్యం తప్ప ఏమీ రాలేదు. ఎబౌట్:కాన్ఫిగ్ అనే అమరికల పేజీలో యూజర్ ఏజెంట్, అంటే బ్రౌజర్ సైటుకు తన పేరు చెప్పుకునే వాక్యం, మార్చి, మేం క్రోమ్ అని చెప్పుకుంటే, దరఖాస్తు మొదటి నుంచి రసీదు వరకు చక్కగా పనిచేసింది. లోపం బ్రౌజర్‌లో లేదు, తలుపు దగ్గర నిలబెట్టిన కాపలా వాక్యంలో ఉంది.

సెల్‌పాయింట్_శీను
మీరు క్రోమ్ అని చెప్పుకున్న ప్రతిసారీ ఆ పోర్టల్ వారి లెక్కల్లో ఫైర్‌ఫాక్స్ వాడేవారు ఒకరు తగ్గుతారు కదా గోదావరి గారు?

గోదావరి_గట్టు
తగ్గుతారు. మెనూలో సైటు పనిచేయడం లేదని నివేదించే అవకాశం ఉంది, అది కూడా చేశాను. కానీ మా నాన్నగారికి దరఖాస్తు ఆ రోజే పడాలి.

రుద్రాక్షవనం
యాజమాన్యం తప్పులే ఏకరువు పెడుతున్నారు కనుక మాస్టారి ల్యాబ్‌కు సరిపోయే మరో నిర్ణయం గుర్తుచేస్తాను. 2023 ఫిబ్రవరిలో వెర్షన్ 110 నుంచి క్రోమ్ విండోస్ 7ను వదిలేసింది. ఫైర్‌ఫాక్స్ 115 ఈఎస్‌ఆర్ (ఎక్కువ కాలం సవరణలు అందే వెర్షన్) మాత్రం ఆ పాత సిస్టమ్‌లకు భద్రతా సవరణలు ఇస్తూనే వచ్చింది, గడువు వచ్చిన ప్రతిసారీ పొడిగించారు. మన జిల్లాల్లోని ఎన్ని కళాశాలల్లో, ఎన్ని కార్యాలయాల్లో విండోస్ 7 ఇంకా నడుస్తున్నదో అందరికీ తెలుసు. ఆ పొడిగింపులో పైసా ఆదాయం లేదు. అసలు ఈఎస్‌ఆర్ పుట్టుక కూడా అటువంటిదే. 2011లో ఆరు వారాలకో వెర్షన్ అన్నప్పుడు కార్యాలయాలవారు గగ్గోలు పెట్టారు, 2012 జనవరిలో 10వ వెర్షన్ నుంచి ఈఎస్‌ఆర్ ఇచ్చారు. వినలేదని ఎలా అంటారు?

వేకువజాము
విన్నారు, ఒప్పుకుంటాను. కానీ వినడానికి ముందు ప్రతిసారీ ఒక గగ్గోలు జరగవలసి వస్తున్నది, నా అభ్యంతరం అక్కడ. 2025 ఫిబ్రవరిలో వాడుక నిబంధనలు మొదటిసారి పెట్టినప్పుడు, మనం బ్రౌజర్‌లో టైపు చేసే సమాచారం మీద మొజిల్లాకు విస్తృతమైన అనుమతి ఇస్తున్నట్టు అర్థం వచ్చేలా రాశారు. మీ సమాచారం ఎప్పటికీ అమ్మం అన్న పాత హామీని అదే సమయంలో ప్రశ్నోత్తరాల నుంచి తీసేశారు. జనం భగ్గుమన్నాక రెండు రోజుల్లో తిరగరాశారు. అంతకుముందు 2024 జులైలో 128వ వెర్షన్‌లో ప్రకటనల ఫలితాలు కొలిచే ప్రయోగాన్ని, ఎవరినీ అడగకుండా, ముందే ఆన్ చేసి పెట్టారు. నోయబ్ అనే యూరప్ గోప్యతా హక్కుల సంస్థ ఫిర్యాదు చేసింది. గోప్యత పేరు చెప్పి నిలబడిన బ్రౌజర్‌లో ఈ కాగితాలు బయటకు వెళ్లే ముందు ఒక్క మామూలు మనిషి చేత చదివించడానికి ఏమైంది?

కొత్తగా_చేరాను
బ్రెండన్ ఐక్‌ను పంపించకుండా ఉంటే ఇవేవీ జరిగేవి కావు కదా?

వేదిక_నిర్వాహకులు
ఆయన 2014 మార్చి 24న మొజిల్లా సీఈఓ అయి ఏప్రిల్ 3న రాజీనామా చేశారు. ఆ రాజీనామా వివాదంపై ఇక్కడ ఇప్పటికే పెద్ద చర్చ ఉంది, అక్కడ రాయండి. ఇక్కడ బ్రౌజర్ గురించే సాగనివ్వండి.

పాతకాపు
జవాబు మాత్రం ఒక్క ముక్కలో చెప్పవచ్చు నిర్వాహకులు గారు. ఎలక్ట్రాలిసిస్ పక్కకు పోయింది 2011లో, ఫైర్‌ఫాక్స్ ఓఎస్ ఫోన్లు మొదలైంది 2013లో. రెండూ ఆయన సాంకేతిక విభాగానికి నాయకుడిగా సంస్థలో ఉన్నప్పటివే. ఒక మనిషిని మార్చితే అంతా బాగుపడేదన్న వాదనకు కాలక్రమం ఒప్పుకోదు.

లైనక్స్_మాస్టారు
మరి ఇప్పుడు ఏఐ అంటున్నారు. దాని మీద మీ అభిప్రాయం?

పాతకాపు
2025 డిసెంబరులో ఆంథొనీ ఎంజర్-డిమియో కొత్త సీఈఓ అయ్యారు. ఫైర్‌ఫాక్స్‌ను ఆధునిక ఏఐ బ్రౌజర్‌గా మారుస్తామన్న మాటతోనే మొదలుపెట్టారు. వ్యతిరేకత రావడానికి ఒక రోజు కూడా పట్టలేదు. ఏఐ మొత్తాన్ని ఒక్క చోట ఆపే మీట ఇస్తామని మాట ఇచ్చి, 2026 ఫిబ్రవరిలో 148వ వెర్షన్‌తో ఆ అమరికలు తెచ్చారు. మీట ఇవ్వడం మంచిదే. అయితే మిగిలి ఉన్న వినియోగదారుల్లో ఎక్కువ మంది ఎందుకు మిగిలారో తెలిసినవారెవరూ మొదటి ప్రకటనను ఆ మాటలతో రాయరు.

లెక్కలమ్మ
పెట్టుబడి పెట్టేవారి భాషలో రాశారు. వాళ్ల వైపు నుంచి చూడండి: 2025 సెప్టెంబరులో గూగుల్ కేసులో న్యాయమూర్తి మెహతా ఇచ్చిన తీర్పు సెర్చ్ చెల్లింపులను నిషేధించలేదు కానీ, ప్రత్యేక హక్కుల ఒప్పందాలు కుదరవంది. ఈసారికి గండం గడిచింది. వచ్చే ఒప్పందంలో అంతే సొమ్ము వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఏఐ కంపెనీలు కూడా రేపు సెర్చ్ కంపెనీల్లాగే డీఫాల్ట్ స్థానానికి డబ్బిస్తాయన్నది వారి ఆశ కావచ్చు. ఇది నా ఊహ మాత్రమే.

వేకువజాము
అదే సీఈఓ ఒక ముఖాముఖిలో, ప్రకటనలను ఆపే ఎక్స్‌టెన్షన్లను నిరోధిస్తే ఇంకో 15 కోట్ల డాలర్లు రావచ్చని అంచనా చెప్పి, అది తమ ధ్యేయానికి సరిపడదని పక్కన పెట్టారు. పక్కన పెట్టినందుకు సంతోషమే. ఆ అంచనా ఎవరు వేయమంటే వేశారన్నది నా ప్రశ్న.

నాలుగో_ట్యాబు
లెక్కలమ్మ గారి వృత్తివారే వేసి ఉంటారు.

లెక్కలమ్మ
వేస్తాం. వేసి, వద్దని రాసి సంతకం కూడా పెడతాం.

సెల్‌పాయింట్_శీను
ఆ 15 కోట్ల మాట నాకు భయం పుట్టించింది. మా దుకాణానికి ఫోన్ నిండా ప్రకటనలతో వచ్చేవారికి, ముఖ్యంగా పెద్దవారికి, ఆండ్రాయిడ్ ఫైర్‌ఫాక్స్ వేసి, ప్రకటనలను ఆపే యూబ్లాక్ ఆరిజిన్ అనే ఎక్స్‌టెన్షన్ పెట్టి ఇస్తున్నాను. క్రోమ్ ఫోన్ వెర్షన్‌లో ఎక్స్‌టెన్షన్లు పెట్టే వీలే లేదు, డెస్క్‌టాప్‌లో కూడా పాత యూబ్లాక్‌ను ఆపేసింది. ఇది తీసేస్తే నా దగ్గర వాళ్లకు ఇవ్వడానికి వేరే కారణం లేదు.

పాతకాపు
ఆండ్రాయిడ్‌లో ఆ వీలు కూడా ఒకసారి పోయి వచ్చిందే శీను గారు. 2020 ఆగస్టులో యాప్‌ను మొత్తం తిరగరాసినప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని ఎక్స్‌టెన్షన్లకే అనుమతి ఉండేది. అదృష్టవశాత్తూ వాటిలో యూబ్లాక్ ఒకటి. మిగతావాటికి తలుపు తెరిచింది 2023 డిసెంబరులో. మూడేళ్ల పైన.

లైనక్స్_మాస్టారు
శీను గారు, ల్యాబ్‌లో ప్రతి సిస్టమ్‌కూ వెళ్లి యూబ్లాక్ పెట్టడం నా వల్ల కాదు. ఒకేసారి అన్నింటికీ పెట్టే దారి ఎవరికైనా తెలుసా?

గోదావరి_గట్టు
ఉంది. ఫైర్‌ఫాక్స్ ఇన్‌స్టాల్ అయిన ఫోల్డర్‌లో డిస్ట్రిబ్యూషన్ అనే ఫోల్డర్ చేసి, అందులో పాలసీస్ పేరుతో జేసన్ ఫైలు పెట్టండి. ఏ ఎక్స్‌టెన్షన్ తప్పనిసరిగా ఉండాలో, హోం పేజీ ఏదో, టెలిమెట్రీ ఉండాలో వద్దో, అన్నీ దానిలో రాయవచ్చు. విద్యార్థులు మార్చకుండా తాళం కూడా వేయవచ్చు. ఈఎస్‌ఆర్ వెర్షన్ తీసుకుంటే ఏడాది పొడవునా సౌకర్యాలు మారవు, భద్రతా సవరణలు మాత్రమే వస్తాయి. ఫైలు రాశాక ఎబౌట్:పాలసీస్ తెరిచి చూడండి, తప్పు ఉంటే అక్కడే చూపిస్తుంది. ఎక్కువ మంది కామాల దగ్గర తప్పు చేస్తారు.